“మగోడివి, నీకెందుకీ టెస్టు?”

నిన్న నా రిపోర్టు వచ్చింది. పాజిటివ్. రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో ముడిపడిన బీఆర్‌సీఏ2 అనే జన్యువులో మా అక్కకున్న మార్పే నాకూ ఉంది. నాకు క్యాన్సర్ ఉందని కాదు, వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువని. భయం కన్నా కోపమే ఎక్కువుంది, అందుకే ఇవాళే రాస్తున్నాను.

అక్కకు 39 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో అయినయి, ఇప్పుడు బాగుంది. నాకిద్దరు ఆడపిల్లలు. మా ఇంట్లో టెస్టు ఎవరెవరికి చేయించాలో అడుగుదామని హన్మకొండలో ఒక పెద్దాసుపత్రికి పోయిన.

“అమ్మ వైపు ఎవరికన్నా ఉందా?” అన్నాడు డాక్టర్. లేదు సార్, మా మేనత్త అండాశయ క్యాన్సర్‌తో పోయింది అన్నాను. “నాన్న వైపు లెక్కలోకి రాదు” అని పెన్ను మూత పెట్టేసిండు. పోనీ నాకు చేయించుకోవచ్చా అన్నాను. నవ్వి, తలుపు దగ్గర టోకెన్లు పిలిచే సిస్టర్‌తో, “మగోడు, ఈయనకు రొమ్ము క్యాన్సర్ పరీక్ష కావాల్నట!” తలుపు తెరిచే ఉంది. బయట బెంచీల మీదోళ్లంతా నవ్విండ్రు. అందులో మా కాలనీ ఆయన కూడా ఉన్నడు. అక్క ఫైలు ఛాతీకి అదుముకొని బయటికొచ్చిన. బండి తాళం పెట్టబోతే చెయ్యి వణికింది. అక్క బతుకు మీదికొచ్చిన జబ్బు వాళ్లకు నవ్వులాట అయింది.

ఆయన చెప్పింది శుద్ధ తప్పు. ఈ జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఎట్లొస్తదో తండ్రి నుంచీ అట్లే, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మా నాయిన ఏ జబ్బూ లేకుండానే మాకిచ్చిపోయిండు.

తర్వాత కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ నిమ్స్ జెనెటిక్స్ విభాగానికి పోయినం. అక్కడి డాక్టర్ మేడమ్ తెల్లకాగితం మీద మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు సున్నాలు గీసి, క్యాన్సర్ వచ్చినోళ్లవి నల్లగా నింపింది. మేనత్త, అక్క. మధ్యలో నాయిన చతురస్రం ఖాళీ. ముందు నా రక్తం తీయలేదు, అక్కది తీసిండ్రు. జబ్బు వచ్చినవాళ్లలో మార్పు దొరికితేనే మిగతావాళ్లలో ఆ ఒక్కదాన్నే వెతకొచ్చు. అది తెలియకుండా నాకు నెగెటివ్ వచ్చినా ధీమా ఉండదట. ప్యాకేజీలు పట్టుకొని తిరిగే ల్యాబ్ ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు, వాళ్లకు పైసలియ్యకండి.

50 లోపు రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్: అమ్మ వైపైనా నాన్న వైపైనా దగ్గరి చుట్టాల్లో ఒక్కటున్నా ఈ జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.

పిల్లలకు ఇప్పుడే చేయిద్దామంది మా ఆవిడ. 18 నిండినంక వాళ్లే నిర్ణయించుకోవాలని మేడమ్ గట్టిగా చెప్పింది. ఈ మార్పున్న మగవాళ్లకు ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ, అందుకే నాకు పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష మొదలుపెడతారు.

మేనత్త కొడుకు, మా బావ, నర్సంపేటలో ఉంటడు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలే. “మగోళ్లకేంది బామ్మర్ది” అని ఫోన్ పెట్టేసిండు. ఆదివారం ఆ కాగితం తీసుకొని పోతున్నా. ఆయన చతురస్రం దాని మీద నేనే గీసిన.