కాంట్రాక్టు చివరి పేజీ

మంగంపేట ముగ్గురాయిని (బెరైటీస్) పొడి కొట్టించి గల్ఫ్‌కు పంపే కంపెనీ మాది. కడప ఆఫీసులో పదకొండేళ్లుగా డాక్యుమెంట్ల పని నాదే. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ నిద్రలో లేపి అడిగినా చెప్తా. గొడవొస్తే ఏ దేశ చట్టం, ఎక్కడ తేల్చుకోవాలి అని రాసే కాంట్రాక్టు చివరి పేజీ మాత్రం సంతకం ఎక్కడ పెట్టాలో చూడ్డానికే తిప్పేవాణ్ని.

ఒకసారి ఎల్‌సీ (సరైన కాయితాలిస్తే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) మీద పోయిన సరుకుకు డబ్బు ఆగింది. ఏదో సర్టిఫికెట్ ఆలస్యమై, సరుకు ఓడెక్కిన 24వ రోజున బ్యాంకులో కాయితాలు ఇచ్చాం. ఎల్‌సీలో వేరేగా రాయకపోతే గడువు 21 రోజులే. రాయి మంచిదే, స్పెసిఫిక్ గ్రావిటీ 4.2 ఉంది, తూకమూ సరిపోయింది. అయినా కొన్నాయన అదే సందుగా ధర తగ్గించమన్నాడు, తగ్గించక తప్పలేదు. 'ఆ 21 ఏ పుస్తకంలో ఉందప్పా?' అని మేనేజర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాల పుస్తకం యూసీపీ 600లో ఉందని తర్వాత తెలిసింది.

ఎల్‌ఎల్‌ఎం చేద్దామనుకున్నా. నాది బీకాం. ఎల్‌ఎల్‌బీ లేనిదే ఎల్‌ఎల్‌ఎం లేదు, ఉద్యోగం పెట్టుకుని మూడేళ్లు కాలేజీకి పోలేను. ఏ డిగ్రీ ఉన్నా చేర్చుకునే రెండేళ్ల బిజినెస్ లా పీజీలో, దూరవిద్యలో చేరా. దీంతో నల్లకోటు రాదు. 'లాయరు కానప్పుడు లా ఎందుకు నాయనా చదివేది?' అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

శని, ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు. మార్చి లెక్కల హడావుడిలో ఒక పేపరు పోయింది. రాయచోటి మీదుగా రాత్రి బస్సులో బెంగళూరు పోయి మళ్లీ రాసొచ్చా.

సరుకు అమ్మకాల మీద 1980 నాటి వియన్నా ఒప్పందానికి వారమంతా నోట్సు రాసుకున్నాక, అందులో భారత్ చేరలేదని తెలిసి ఒళ్లు మండింది. తర్వాత మాస్టారు ఒక ముడి విప్పారు. ఒప్పందంలో చేరిన దేశం చట్టమే మన కాంట్రాక్టుకు వర్తిస్తుందని తేలితే, అది మన మెడకూ చుట్టుకోవచ్చట. ఆ రాత్రే పాత ఫైళ్లు తీశా. చాలా కాంట్రాక్టుల్లో ఏ దేశ చట్టమో రాయనే లేదు!

ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర గొడవ తేల్చుకోవడంలో, 'సీటు' అంటే కూర్చునే చోటనే అనుకున్నా. కాదు. విచారణ కడపలోనే జరిపినా, సీటు లండన్ అని ఉంటే దాని మీద అజమాయిషీ లండన్ కోర్టులదే. అక్కడ వచ్చిన అవార్డును, అంటే మధ్యవర్తి తీర్పును, 1958 న్యూయార్క్ ఒప్పందం కింద ఇక్కడ అమలు చేయించుకోవచ్చు కూడా.

చదువు ఉద్యోగంలో ముందుగా పనికొచ్చింది చిన్న విషయంలో. మేం కంటైనర్లను చెన్నై రేవు యార్డులో అప్పగించి వచ్చేస్తాం. కాంట్రాక్టులో ఎఫ్‌ఓబీ అని ఉంటే, ఓడ మీదికి ఎక్కేదాకా ఏం జరిగినా నష్టం మాదే. కంటైనర్లకు, యార్డులో అప్పగించడంతోనే నష్టభయం కొన్నవాడికి మారే ఎఫ్‌సీఏ రాసుకోవాలి. ఇన్నేళ్లూ ఎఫ్‌ఓబీ అని కొట్టింది నా చేతులే.

ఇప్పుడు కొత్త కాంట్రాక్టు వస్తే మేనేజర్ ధర పేజీ తాను ఉంచుకుని చివరి పేజీ నా బల్ల మీదికి తోస్తాడు. మొన్నటి కొనుగోలుదారు ఎఫ్‌సీఏకు ఒప్పుకున్నాడు, భారత చట్టానికీ సరేనన్నాడు. సీటు మాత్రం లండన్ నుంచి కదలనంటున్నాడు. నాలుగో మెయిల్ నిన్న పెట్టా.