రిజిస్టరు ఉందా?

మన మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కార్యవర్గం నుంచి మూడోసారి ఫోనొచ్చింది. హాస్టల్ ఉప్మా గురించీ, యాన్యువల్ డే నాడు కరెంటు పోయిన నాటకం గురించీ రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నాకు మాత్రం అనాటమీ, అంటే శరీర నిర్మాణం, చెప్పిన రిజిస్టరు సారే గుర్తొస్తారు.

శవాలు కోసి నేర్చుకునే హాల్లో మాది నాలుగో టేబులు, ఆయన కుర్చీ పక్కనే. మేం కత్తి పట్టకముందే ఆయన ఆ నల్ల అట్ట రిజిస్టరు తెరిచేవారు. టేబుల్ మీదున్న మనిషి ఎక్కడ చనిపోయాడో, ఏ తేదీన మన దగ్గరికి వచ్చాడో, ఎవరి సంతకంతో వచ్చాడో చదివి వినిపించేవారు. పేరుంటే పేరు, లేకపోతే "పేరు తెలియదు" అని. ఆ తర్వాతే "ఊఁ, కానివ్వండి" అనేవారు.

బీరువాలోంచి పెర్న్‌కాఫ్ అట్లాస్, మనిషి శరీరం లోపలి బొమ్మల పుస్తకం, తీసిన రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అటెండర్ తాత సబ్బుతో చేతులు కడిగిస్తే గానీ ముట్టుకోనివ్వలేదు. భుజం దగ్గర నరాల బొమ్మ చూసి నాకు నోట మాట రాలేదు. మన పుస్తకాల్లో అవి గీతలు. ఇందులో ఇప్పుడే మట్టిలోంచి తీసిన వేళ్లలా తడిగా ఉన్నాయి. నేను నరాల సర్జన్నయింది ఆ మధ్యాహ్నం వల్లే.

పైచదువుకి ఇంగ్లండులో ఉండగా ఒక సీనియర్ అడిగారు, "ఆ బొమ్మలో మనిషి ఎవరో తెలుసా?" అని. తెలియదు. అప్పటినుంచి దొరికిందల్లా చదివాను.

ఆ అట్లాస్ తయారుచేసిన ఎడువార్డ్ పెర్న్‌కాఫ్ 1933లో వియన్నా అనాటమీ విభాగానికి అధిపతి అయ్యాడు. అదే ఏడు నాజీ పార్టీలో చేరాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు, ఇతను వెంటనే మెడికల్ ఫ్యాకల్టీ డీన్. ఏప్రిల్ 6న పార్టీ దళం యూనిఫాంలో నిలబడి, జాతి మేలు కోసం "తక్కువ రకం" మనుషులకి పిల్లలు పుట్టకుండా చెయ్యాలని డాక్టర్లకి ఉపన్యాసం ఇచ్చాడు. అక్కడి 197 మంది అధ్యాపకుల్లో 153 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో ఎక్కువమంది యూదులు. 1943లో పెర్న్‌కాఫ్ యూనివర్సిటీకే రెక్టర్, అంటే అధిపతి, అయ్యాడు. అట్లాస్‌కి బొమ్మలు వేసిన చిత్రకారుడు లెపియర్ తన సంతకంలో స్వస్తికం గీసేవాడు, తర్వాతి ముద్రణల్లో దాన్ని చెరిపేశారు. యుద్ధం అయ్యాక పెర్న్‌కాఫ్‌ని సుమారు మూడేళ్లు క్యాంపులో ఉంచారు గానీ ఏ నేరమూ మోపలేదు. బయటికొచ్చి మళ్లీ అట్లాస్ పనిలోనే కూర్చున్నాడు, 1955లో పోయేదాకా.

ఇదంతా సార్‌కి ఉత్తరం రాశాను. ఆయన అప్పటికే రిటైరయ్యారు. పది రోజులకి ఫోన్ చేశారు. క్షేమం అడగలేదు, ఇంగ్లండు గురించీ అడగలేదు.

"రిజిస్టరు ఉందా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. 1998లో వియన్నా యూనివర్సిటీ విచారణ నివేదిక వచ్చాక ఉందని తెలిసింది. మరణశిక్ష పడినవాళ్ల దేహాలు కనీసం 1,377 ఆ విభాగానికి చేరాయి. హిట్లర్‌ని ఎదిరించినందుకే శిక్ష పడినవాళ్లు వాళ్లలో ఎందరో. కానీ ఏ బొమ్మలో ఎవరున్నారో చాలావాటికి చెప్పలేకపోయారు. ఆ సంఖ్య ఫోన్లో చెబితే సార్ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "పేర్లు దొరికినంత వరకు చదవాలమ్మా" అన్నారు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బైకు మీంచి పడి, భుజం నరాలు తెగి, చెయ్యి వేలాడుతున్న కుర్రాళ్లే. పోయిన సంక్రాంతికి ఒకబ్బాయి తన చేత్తో అరిసె తింటున్న వీడియో పంపాడు. వాళ్లమ్మ ఏడుపు కూడా అందులో వినిపిస్తోంది. ఆ ఆపరేషన్ మధ్యలో నేను పెర్న్‌కాఫ్ బొమ్మ చూశాను. అంత స్పష్టంగా ఆ చోటు చూపించే బొమ్మ ఇంకోటి నాకు దొరకలేదు. బాధ తగ్గించడానికీ ప్రాణం నిలపడానికీ ఆ బొమ్మలు వాడొచ్చనీ, అవి ఎక్కడివో అందరికీ చెప్పి తీరాలనీ 2017లో యూదు మతగురువు (రబ్బీ) జోసెఫ్ పొలాక్ రాశారు. నేను చెబుతున్నాను. కత్తి పట్టేముందు మా పీజీ పిల్లలకి ఆ 1,377 చెప్పి, ఆ తర్వాతే "ఊఁ, కానివ్వండి" అంటాను.

కార్యవర్గానికి ఒక మనవి. మన బీరువాలో ఆ అట్లాస్ ఇంకా ఉంటే, అట్ట వెనక ఒక కాగితం అంటించడానికి కాలేజీ అనుమతి అడగండి. ఆ కాగితం నేను రాసి తెస్తాను.