మనవల బొమ్మల పెట్టె: అసలు పనంతా మూత దగ్గరే

పెట్టె చేయడం కష్టం కాదు. 18 మి.మీ. ప్లైవుడ్, 80 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు చాలు. 4 మి.మీ. స్క్రూకి ముందుగా 3 మి.మీ. బెజ్జం వేయండి, లేకపోతే ప్లైవుడ్ అంచు పొరలుగా చీలుతుంది.

ఈ కొలతకి మూతే 3 కిలోలు దాటుతుంది. వట్టి బందుల మీద నిలబెడితే పసివాడి మెడ మీదో వేళ్ల మీదో పడుతుంది. గొలుసు కడితే వెనక్కి వాలదు గానీ, పడటం ఆగదు. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచే సపోర్టు కావాలి. రంగు వేశాకే మూతను తూచి, ఆ బరువుకి తగ్గది కొనండి. బిగించాక సగం ఎత్తి వదలండి. జారిందా, ఇంకోటి వేయాల్సిందే.

మూతకీ పెట్టెకీ మధ్య, ముందు వైపు అంచున 12 మి.మీ.కి పైనే సందు వదలండి. 5 నుంచి 12 మధ్య ఉంటే చిట్టివేళ్లు ఇరుక్కుంటాయి. దాక్కోవడం పిల్లల సరదా కదా, అందుకే రెండు పక్కలా పైభాగాన 25 మి.మీ. గాలి రంధ్రాలు తప్పనిసరి. రంధ్రం వేసే చోట ప్లైవుడ్ వెనక చెక్కముక్క బిగించి డ్రిల్ చేస్తే అంచు పెచ్చులూడదు. గొళ్లెం మాత్రం అసలు వద్దు.