అద్దెకిస్తే పేరెక్కడ రాయిస్తారు?

నిద్ర పట్టడం లేదు. ఈయన పడుకుని గంట దాటింది. ఈయన అక్కగారు, మా పెద్ద వదిన గారు అన్న మాట ఒకటి పళ్ళ సందున మామిడి పీచులా ఇరుక్కుంది. రాస్తే గాని పోయేలా లేదు.

మావయ్య గారి సంవత్సరీకం వచ్చే నెలలో. ఆయన జ్ఞాపకార్థం, ఇంట్లో హింస పడే ఆడవాళ్ళకు అండగా ఉండే మన సంఘానికి రెండు కుట్టుమిషన్లు ఇద్దామని వదిన గారు పది రోజులుగా అంటున్నారు. నాకు సంతోషంగానే ఉంది. "కాపురాలు విడగొట్టే వాళ్ళ దగ్గరికి ఎందుకు వెళతావు" అని ఎనిమిదేళ్ళుగా అంటూ వచ్చిన మనిషి తనంతట తానే బయలుదేరడం చిన్న సంగతి కాదు. ఈ రోజు ఎండ తగ్గాక ఇద్దరం ఆటోలో వెళ్ళాం.

సంఘం ఉండే ఆ మేడ మీది రెండు గదుల గురించి చాలాసార్లు రాశాను. ముందు గదిలో గోడవారగా ఇప్పటికే నాలుగు కుట్టుమిషన్లు ఉన్నాయి. రెండింటికి బెల్టులు తెగిపోయాయి. ఒకదాని మీద ఫైళ్ళ దొంతర, ఇంకోదాని మీద మంచినీళ్ళ కూజా. ప్రతి బల్ల అంచునా ఎర్ర రంగుతో దాత పేరు, ఎవరి జ్ఞాపకార్థమో, తేదీ. ఒకదాని మీద రంగు పెచ్చులూడి "జ్ఞాప" అన్నంత వరకే మిగిలింది. లోపలి గది చిన్నది. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక ఇనప బీరువా. కాని ఆ గదికి తలుపు ఉంది, తలుపుకు లోపల గడియ ఉంది. వచ్చిన మనిషి గొంతెత్తి ఏడవాలన్నా, కొంగు తొలగించి వీపు మీది వాతలు చూపించాలన్నా ఆ గడియే ఆధారం. వెంట వచ్చి ముందు గదిలో కూర్చున్న అత్తగారికి వినపడకుండా నోరు విప్పగలిగేది అక్కడే.

సంఘం నడిపే టీచరు గారు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. మిషన్లు వద్దని అనలేదు, మెల్లగా అడిగారు. "అమ్మా, రెండు నెలల అద్దె బాకీ పడ్డాం. ఇల్లుగలావిడ మంచిదే, కాని ఆవిడకూ అవసరాలు ఉంటాయి కదా. మీరు ఇవ్వదలచుకున్నది అద్దె కింద ఇస్తే మాకు పెద్ద సాయం." వదిన గారు తల ఊపారు. ఆలోచించుకుని చెబుతామన్నారు. ఆటో కోటిపల్లి బస్టాండు దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నారు, "అద్దెకిస్తే పేరెక్కడ రాయిస్తారు?"

నాకు ఒళ్ళు మండింది. ఆటోలో ఏమీ అనలేదు, ఆవిడ పెద్దావిడ. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే మాత్రం చేతుల్లోంచి గిన్నెలు గట్టిగానే పడ్డాయి. అన్నదానానికి వెయ్యినూటపదహార్లు అంటే మారుమాట్లాడకుండా తీసి ఇస్తాం. ఆ డబ్బు గ్యాసుకా, వంటవాళ్ళ కూలికా అని అడగం. ఆడవాళ్ళ కోసం పనిచేసే చోట మాత్రం మనమిచ్చిన రూపాయి వస్తువుగా మారి కంటికి కనపడాలి. జీతమంటే అనుమానం, అద్దె అంటే వృథా.

అక్కడ జరిగే పనికి వస్తువులతో సంబంధం తక్కువ. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఇల్లు తన పేరున లేకపోయినా భార్యను ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదని 2005 గృహహింస చట్టం చెబుతోంది, అది అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరులో. ఇవన్నీ ఉన్నాయని ఆ మనిషికి ఎవరో ఒకరు చెప్పాలి. అర్జీ రాసిపెట్టాలి, జిరాక్సులు తీయించాలి, కోర్టు వరండాలో బల్ల మీద మూడు గంటలు పక్కన కూర్చోవాలి, వాయిదా పడితే మళ్ళీ వెళ్ళాలి. అక్కడ పనిచేసే అమ్మాయి ఈ నెల బస్సు ఛార్జీలు తన చేతి నుంచే పెట్టుకుంది. ఆ ఛార్జీల మీద ఎర్ర రంగుతో ఎవరి పేరూ రాయించలేం, అందుకే ఎవరూ ఇవ్వరు.

భోజనాల దగ్గర ఈయనతో ఇదంతా చెప్పాను. చెబుతూ చెబుతూ వీరేశలింగం పంతులు గారి దాకా వెళ్ళాను. 1881 డిసెంబరు 11న ఆయన చేయించిన మొదటి వితంతు వివాహం జరిగింది మన రాజమండ్రిలోనే కదా. పెళ్ళి ఒక్క రాత్రిలో అయిపోయింది. ఆ తర్వాత వెలివేత మొదలైంది. అలా పెళ్ళి చేసుకున్నవాళ్ళకు తలదాచుకునే చోటు కావాలి, తిండి కావాలి, ఏదో ఒక పని కావాలి. పంతులు గారికి వెనక నిలబడి డబ్బు సర్దినది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. అటువంటి డబ్బే లేకపోతే పంతులు గారి ధైర్యం ఎన్ని రోజులు నిలిచేది అన్నాను.

ఈయన పెరుగన్నం కలుపుకుంటూ, "ఆయన పేరు కూడా మిగిలింది కదా మరి. నువ్వే చెబుతున్నావు" అన్నారు.

నాకు జవాబు తోచలేదు. అప్పటి నుంచి వదిన గారి మీద కోపం కాస్త పక్కకు జరిగి, పేరు అన్న మాట ఒక్కటే తిరుగుతోంది. దాని వెనకే 2009 వచ్చి కూర్చుంది.

నాన్న పోయిన మరుసటి ఏడు. అన్నయ్య ఫోను చేసి, "పొలం కాగితాలకు మీ ఇద్దరి సంతకాలు కావాలమ్మా, ఊరికే లాంఛనం" అన్నాడు. అక్కయ్యా నేనూ పొద్దున్నే బస్సు దిగాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద దస్తావేజు లేఖరి బల్ల. ఆయన కాగితాలు మావైపు తిప్పి, సంతకం చెయ్యవలసిన చోటల్లా పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టాడు. ఆ టిక్కులు తప్ప ఆ కాగితంలో నేను ఇంకేమీ చూడలేదు. అక్కయ్య కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. "ఒకసారి చదువుతావా?" అని నన్ను అడిగింది. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు, అన్నయ్య గడియారం చూసుకుంటున్నాడు. "ఫరవాలేదులే అక్కయ్యా" అన్నాను. లోపల ఎడమ బొటనవేలికి సిరా అంటించి ముద్ర వేయించారు. చేతిరుమాలుతో ఎంత తుడిచినా గోరు అంచున రెండు రోజులు మిగిలింది. అన్నయ్య ఇద్దరికీ పసుపు కుంకుమలతో చెరో పట్టుచీర, చెరో పాతికవేలు ఇచ్చాడు. నాది మెంతి రంగు చీర, సన్నంచు.

అది హక్కు విడుదల దస్తావేజు, అంటే నా వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం అని అప్పుడు నాకు తెలియదు. ఎనిమిదేళ్ళ క్రితం, మా పనమ్మాయి కూతురి విషయమై మొదటిసారి సంఘానికి వెళ్ళినప్పుడు మాటల్లో టీచరు గారితో చెప్పాను. పెళ్ళయిన ఆడపిల్లలకు ఎలాగూ హక్కు లేదు కదా, ఏదో లాంఛనం అన్నాను. ఆవిడ ఒకటే అడిగారు, "హక్కే లేకపోతే విడుదల ఎందుకు చేయించుకుంటారమ్మా?"

హక్కు ఉంది. తాతగారి నుంచి వచ్చిన పొలం అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం తెచ్చారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. ఆ తేదీకి ముందు పెళ్ళయిన వాళ్ళకు లేదు. అంటే 1990లో పెళ్ళయిన నాకు ఉంది, 1982లో పెళ్ళయిన అక్కయ్యకు లేదు. దేశమంతటికీ 2005లో చట్టం మారాక ఆ తేడా కూడా పోయింది. వేపచెట్టు కింద నిలబడిన నాటికి ఇద్దరికీ ఉంది. ఒకే కంచంలో తిన్న ఇద్దరికి పెళ్ళి తేదీని బట్టి హక్కు ఉండడం, లేకపోవడం ఏమిటో, ఆ ఇరవై ఏళ్ళూ అక్కయ్యకు ఎవరు ఏం సమాధానం చెబుతారో.

అన్నయ్య మోసం చేశాడని నేను అనను. అమ్మను చివరిదాకా చూసుకున్నది అన్నయ్యే. అడిగి ఉంటే ఇచ్చేసేదాన్నే అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఈ రాత్రి ఆ మాట రాసి చూసుకుంటే నాకే నమ్మకం కుదరడం లేదు. అడగలేదు కనుక ఇచ్చేసేదాన్నని అనడం తేలిక. అడిగి ఉంటే కనీసం ఆ కాగితం చదివేదాన్ని. ఆ పొలం కాగితాల్లో నా పేరు ఎక్కింది ఒకే ఒక్కసారి, అదీ వదులుకోవడానికి.

మరి వదిన గారి పేరు ఎక్కడుంది? గుడిలో పాలరాతి పలక మీద కాలం చేసిన ఆవిడ భర్త పేరు ఉంది, పక్కన "ధర్మపత్నీ సమేతంగా" అని ఉంది. ఇల్లు కొడుకు పేరున ఉంది. మిషన్లకు అనుకున్న డబ్బు మాత్రం ఆవిడ తన పెన్షన్‌లోంచి కూడబెట్టుకున్నది. ఇప్పుడు గుర్తొస్తోంది, వెళ్ళేటప్పుడు ఆటోలో ఆవిడ నన్ను అడిగారు, "నాన్న పేరు కింద కుమార్తె అని నా పేరు కూడా పడుతుందా, చోటు చాలుతుందా?" అని. నేను ఆటో అతనికి దారి చెబుతూ ఊఁ అన్నాను. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి తన పేరు ఎన్ని అక్షరాలో లెక్కపెట్టుకుంటోందని నాకు తట్టలేదు.

అయినా అద్దె బాకీ అలాగే ఉంది. ఆ లోపలి గది తలుపు మీద మావయ్య గారి పేరు రాయించడం కూడా నాకు ఇష్టం లేదు. భర్తకు భయపడి వచ్చిన మనిషి ఎవరి పేరు కిందా కూర్చోకూడదు. రసీదు ఒక్కటే దారి అనిపిస్తోంది. టీచరు గారు రసీదు రాసేముందు ప్రతిసారీ "ఏ పేరు రాయమంటారు?" అని పెన్ను ఆపి అడుగుతారు. పన్నులో మినహాయింపు వస్తుందని ఈ ఎనిమిదేళ్ళూ నేను ఈయన పేరే చెబుతూ వచ్చాను.

రేపు పది గంటలకు గది తెరుస్తారు. ఒక నెల అద్దె నేను కడతాను, నా పేరున. రెండో నెల సంగతి వదిన గారితో మాట్లాడాలి, ఎలా మొదలుపెట్టాలో ఇంకా తోచడం లేదు. ముందు అక్కయ్యకు ఫోను చెయ్యాలి. ఆ దస్తావేజు నకలు తన దగ్గర ఉందేమో కనుక్కోవాలి. ఉంటే తెమ్మనాలి, ఈసారి కళ్ళజోడు మరిచిపోవద్దని చెప్పాలి.