తెర మీద 220, కాయిల్ దగ్గర ఎంత? వేప్ టెంపరేచర్ కంట్రోల్‌తో నా అనుభవం

ఒకటే మోడ్ (ఈ-సిగరెట్‌లో బ్యాటరీ, చిప్ ఉండే పెట్టె), ఒకటే తీగ (లిక్విడ్ తడిపిన దూదిని వేడిచేసి ఆవిరి తెప్పించే కాయిల్ దీనితోనే చుడతారు), సెట్టింగ్ కూడా అదే 220 డిగ్రీలు. ఒకరోజు దూది మాడిన వాసన, ఇంకోరోజు ఆవిరే సరిగా రాదు. తప్పు చిప్పుదా, తీగదా, బిగింపుదా అని తేల్చడానికి ఒక్కొక్కటే పక్కనపెట్టుకుంటూ వెళ్లాను. ఇంగ్లండ్‌లో ఉంటాను కాబట్టి ఇక్కడ ఈ సామాను దొరుకుతుంది. ఇండియాలో 2019 చట్టంతో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. ఊరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోకండి.

మొదట తెలుసుకోవాల్సింది, ఈ మోడ్‌లో కాయిల్‌కి ఆనుకుని ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఏదీ లేదు. తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంత, ఇప్పుడెంత అని చూసి చిప్ వేడిని లెక్కగడుతుంది. తెర మీద కనిపించేది ఆ లెక్క. చల్లని విలువ తప్పుగా రాసుకుంటే ఆపైనంతా తప్పే. కాంతల్ (ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన లోహం) తీగకు ఈ పెరుగుదల దాదాపు ఉండదు, అందుకే దానితో టెంపరేచర్ కంట్రోల్ పనిచేయదు.

నాది 26 గేజ్ ఎస్ఎస్316ఎల్ (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) తీగ, 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద 7 చుట్లు. కాళ్లతో కలిపి సుమారు 85 మిల్లీమీటర్లు, 0.5 ఓమ్. ఈ రకం స్టీలుకు డిగ్రీకి 0.00092 వంతు పెరుగుతుందని వాడుకలో ఉన్న లెక్క. అంటే 20 డిగ్రీల దగ్గర 0.500 ఉన్న కాయిల్ 220 దగ్గర 0.592 చూపాలి. 200 డిగ్రీల కథంతా ఆ 0.092 ఓమ్‌లోనే నడవాలి. డిగ్రీకి అర మిల్లీఓమ్ కూడా లేదు. కాయిల్ కాళ్లను బిగించే స్క్రూ దగ్గర 5 మిల్లీఓమ్‌లు అటూ ఇటూ అయితే 11 డిగ్రీలు పోయినట్టే. రెసిస్టెన్స్‌ను రెండు దశాంశాలే చూపే మోడ్‌తో ఈ పరీక్ష పెట్టుకోవద్దు. నాది మూడు చూపిస్తుంది.

తీగ మీద అనుమానం ముందు తీర్చుకున్నాను. మామూలు మల్టీమీటర్ ఓమ్స్‌లో పెడితే దాని వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది, పనికిరాదు. చుట్టలోంచి ముప్పావు మీటరు తీగ తీసి, చుట్లు ఒకదానికొకటి తగలకుండా చెక్క గరిటె కాడకు వదులుగా చుట్టాను. బెంచ్ సప్లైలో (వోల్టేజీ, కరెంటు మనమే పెట్టుకునే పవర్ పెట్టె) కరెంట్ 100 మిల్లీఆంపులకు కట్టేసి తీగ రెండు కొసలకూ ఇచ్చాను. మల్టీమీటర్ క్లిప్పులు వేరుగా, ఆ కొసలకు లోపలివైపు, మధ్యలో 50 సెంటీమీటర్లు ఉండేలా పెట్టి మిల్లీవోల్టులు చదివాను. కరెంట్ కచ్చితంగా 100 కాకపోయినా నష్టం లేదు, కదలకుండా ఉంటే చాలు. మనకు కావాల్సింది నిష్పత్తే. ఒక ఆంపు మాత్రం పంపకండి, కొలిచే కరెంటే తీగను వేడి చేస్తుంది.

ఐస్ ముక్కలు తేలుతున్న నీళ్లలో ముంచి, కలుపుతూ ఉంటే 285.8 దగ్గర నిలిచింది. తెర్లుతున్న నీళ్లలో 312.0. వంద డిగ్రీలకు 26.2 తేడా. ఇరవై డిగ్రీల దగ్గర విలువ అందులో ఐదో వంతు పైన, అంటే 291.0. ఇక డిగ్రీకి వచ్చే 0.262ను 291తో భాగిస్తే 0.00090. మోడ్‌లో 0.00092 ఉంటే నిజం వేడి 4 డిగ్రీలు ఎక్కువ, అంతే. తీగ మీద నేరం లేదు.

రకం తప్పితే మాత్రం లెక్క చాలా దూరం పోతుంది. 430 స్టీలుకు ఈ విలువ 0.00138 దాకా ఉంటుంది. దాని సెట్టింగ్‌లో 316ఎల్ తీగ పెడితే, తెర 220 అంటున్నప్పుడు తీగ 320 దాటుతుంది. డబ్బా మీద పేరు లేని తీగను టెంపరేచర్ కంట్రోల్‌కి నేను వాడను.

ఇక అసలు దొంగ, చల్లని విలువను లాక్ చేసే సమయం. ట్యాంకు (కాయిల్, లిక్విడ్ ఉండే పైభాగం) తీసి పెట్టగానే మోడ్ ‘కొత్త కాయిలా, పాతదా?’ అని అడుగుతుంది. అప్పుడే పీల్చి ఉన్న కాయిల్‌కి ‘కొత్తది’ అని నొక్కితే, 60 డిగ్రీల వేడిని 20 అనుకుని రాసుకుంటుంది. అక్కడి నుంచి 220 అడిగితే తీగ 267కి వెళుతుంది. మాడిన వాసన అలా వచ్చిందే. చలికాలంలో కారులో వదిలేసిన మోడ్‌ది దీనికి తిరగేసిన లెక్క. కాయిల్ 5 డిగ్రీల దగ్గర ఉండగా లాక్ చేస్తే 220 కాస్తా 202 అవుతుంది, ఆవిరి పల్చబడుతుంది. కొన్ని మోడ్‌లు గది ఉష్ణోగ్రతను వాటంతట అవే సవరించుకుంటాయి, నాది సవరించుకోదు. ఇప్పుడు ఆఖరి పఫ్ తరువాత పావుగంట ఆగి, ఇంట్లో బల్ల మీద పెట్టి లాక్ చేస్తున్నాను.

అంతకన్నా చెడ్డది స్క్రూ. వదులుగా ఉన్నప్పుడు మోడ్ 0.515 చదివింది, నేను అదే లాక్ చేశాను. తరువాత స్క్రూ బిగిస్తే అసలు విలువ 0.500కి దిగింది. మోడ్‌కి ఆ సంగతి తెలియదు, 0.515కి 1.184 రెట్లు (పైన 0.500 నుంచి 0.592కి పెరిగిన నిష్పత్తి) వచ్చేదాకా కాలుస్తుంది. లెక్క వేసి చూస్తే 259 డిగ్రీలు. కాబట్టి బిగింపు ముందు, లాక్ తరువాత. వరస తిరగేస్తే అంతే సంగతులు. లాక్ చేశాక స్క్రూ వదులైతే ఇంత ప్రమాదం లేదు. రెసిస్టెన్స్ పెరిగి, వేడెక్కిందనుకుని మోడ్ ముందే ఆపేస్తుంది. తడి దూదితో కూడా మాటిమాటికీ పవర్ తెగిపోతుంటే స్క్రూ చూడండి.

ట్యాంకును మోడ్‌కి బిగించే 510 కనెక్టర్ పిన్ను, ట్యాంకు అడుగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ట్యాంకును కాస్త అటూ ఇటూ తిప్పుతూ అంకె చూశాను. మూడో దశాంశం ఒకటి రెండు కదిలితే సరే. ఐదు దాటి ఆడితే అది కాంటాక్ట్ సమస్య, సెట్టింగులు మార్చి ప్రయోజనం లేదు.

చుట్లు తగిలించి చేసిన కాయిల్ కూడా లెక్కను చెడగొడుతుంది. వేడికి తీగ కదిలి, పక్కపక్క చుట్లు కలుస్తూ విడిపోతూ ఉంటే అంకె గెంతుతుంది. తీగ మందమంత సందు వదలాలి.

నికెల్ తీగ మారిస్తే కచ్చితంగా ఉంటుందని చెబుతారు, దాని పెరుగుదల డిగ్రీకి 0.006. నిజమే, కానీ నికెల్ కాయిల్ 0.1 ఓమ్ దగ్గర ఉంటుంది. కనెక్టర్లో, మోడ్ లోపలి వైర్లలో ఉండే 0.01 ఓమ్ వేడికి పెరగదు, మొత్తం పెరుగుదలను కాయిలే మోయాలి. దాంతో నికెల్ 220 బదులు 240కి పోతుంది. అదే 0.01 నా స్టీలు కాయిల్‌ని 4 డిగ్రీలే కదుపుతుంది. డీఎన్ఏ అనే రకం మోడ్ చిప్పుల్లో మోడ్ సొంత రెసిస్టెన్స్ నమోదు చేసే చోటు ఉండేది ఇందుకే.

చివర దూది పరీక్ష. కొత్త పొడి దూది ఎక్కించి, చుక్క లిక్విడ్ కూడా వేయకుండా, పవర్ 20 వాట్లకు తగ్గించి, కిటికీ తెరిచి, మూతి దగ్గర పెట్టుకోకుండా రెండేసి సెకన్లు నొక్కాను. 200 దగ్గర తెల్లగానే ఉంది. పదేసి పెంచుతూ పోతే 230 దగ్గర తీగను ఆనుకున్న చోట లేత గోధుమ గీత పడింది. 200కే రంగు మారితే పైన చెప్పినవాటిలో ఏదో మిగిలిందని అర్థం. కె టైప్ థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ సెన్సర్) కూడా చుట్ల మధ్య దూర్చి చూశాను, అదో దండగ పని. దాని మొన వేడి లాగేసుకుంటుంది, రెండు చుట్లకు తగిలితే వాటిని కలిపేస్తుంది కూడా.

తడి దూది ఉన్నంతసేపు ఈ కంట్రోల్‌కి పెద్ద పని లేదు. ప్రొపైలిన్ గ్లైకాల్ 188 డిగ్రీలకు, గ్లిజరిన్ 290కి మరుగుతాయి. ఆ మిశ్రమం ఆవిరవుతూ తీగను తనే పట్టి ఉంచుతుంది. దూది ఎండినప్పుడే తీగ పైకి దూకుతుంది, గ్లిజరిన్ విరిగి ఘాటైన ఆక్రోలిన్ పుట్టేదీ అప్పుడే. మోడ్ కొలిచేది మొత్తం తీగ సగటు కాబట్టి నడిమి చుట్లు కాళ్లకన్నా కొంత వేడిగానే ఉంటాయి, దాన్ని ఏ సెట్టింగూ సరిచేయదు. అందుకని 220 వదిలేసి 210లో ఉంచాను. ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఆవిరి పల్చబడి ఆగిపోతోంది, విప్పి చూస్తే దూదికి మరక లేదు.