నిమ్మలకుంటలో బేరం

మా చర్చి సంఘం నుంచి ఏడుగురు నేపాల్ వెళ్తున్నారు. ఒక కొండ ఊరి బడికి సున్నాలు, రంగులు వేసి వస్తారు. అక్కడ మత మార్పిడి చేయించడం చట్టప్రకారం నేరం కాబట్టి ప్రసంగాల ఊసే ఉండదని అయ్యగారు ముందే చెప్పారు. మనవాళ్లకు వీసా అక్కర్లేదు గానీ రైలు ఊరికే ఎక్కించుకోదు కదా. స్త్రీల సమాజం ఏడాదంతా పోగుచేసిన పిడికెడు బియ్యం అమ్మితే వచ్చింది ఏ మూలకూ చాలలేదు. కోతపండుగ వేలంలో గుమ్మడికాయలు, నాటుకోళ్లతో పాటు నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు చేసే తోలు దీపాలు కూడా పెడదామని నేనే అన్నాను. అన్న పాపానికి తెచ్చే పనీ నా మీదే పడింది.

నేనూ టీచరమ్మా అనంతపురంలో పొద్దున్నే బస్సెక్కి ధర్మవరంలో దిగాం. పట్టుచీరల దుకాణాల వైపు కన్నెత్తకుండా నిమ్మలకుంట ఊరికి ఆటో ఎక్కడం తేలికేమీ కాదు. 2022 నుంచి ఈ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లా. మా నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లాయే.

తోలుబొమ్మల కళకు 2020లో పద్మశ్రీ ప్రకటించిన దళవాయి చలపతిరావు గారిది నిమ్మలకుంటే. మేము వెళ్లిన ఇంటి వసారాలో ఒక పెద్దాయన నేలమీద కూర్చుని నెమలి తోకకు చిల్లులు కొడుతున్నాడు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఎండబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. కింద చెక్క దిమ్మె, చేతిలో సన్న ఉలి. ఒక్కో దెబ్బకు ఆవగింజంత ముక్క ఎగిరి పడుతోంది. పక్కనే ఆయన కోడలు తోలు తిప్పి వెనకవైపు కూడా అదే రంగు దిద్దుతోంది. "రెండు వైపులా ఎందుకమ్మా?" అంటే బదులు చెప్పకుండా, ఒకవైపే దిద్దిన ముక్కను ఎండకు ఎత్తి చూపింది. ఎరుపు వెలవెలబోయింది.

హనుమంతుడి దీపాలు, రావణుడి దీపాలు బోలెడున్నాయి. మేము నెమళ్లు, చెట్లు ఉన్నవి ఏరుకున్నాం. క్రిస్మస్ నక్షత్రం చేస్తారా అని నసుగుతూ అడిగాను. "ఎన్ని కొనలు ఉండాల?" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండానే.

ధర దగ్గర టీచరమ్మ అందుకుంది. "దేవుని పని పెద్దాయనా, కాస్త తగ్గించండి."

"ఏ దేవుడికైనా మేకతోలు ధర ఒకటే కదమ్మా."

నాకు సిగ్గేసింది. నలభై రూపాయల గుమ్మడికాయను వేలంలో వెయ్యికి పాడి మురిసిపోయే మనుషులం, రోజుల తరబడి చేసిన పనికి వంద తగ్గించమని కూర్చున్నాం. అడిగినంతా ఇచ్చి ఆరు దీపాలు తీసుకున్నాం. నక్షత్రానికి అడ్వాన్సు కూడా ఇచ్చాం.

తిరుగు బస్సులో నీళ్ల సీసా మూత వదులై ఒక దీపం తడిసింది. తోలు మెత్తబడి నెమలి మెడ పక్కకు వాలింది, అలాగే ఎండిపోయింది. దాని డబ్బు నేనే కట్టి ఇంట్లో పెట్టుకున్నాను.

వేలంలో మొదటి దీపానికి పాట పెంచుతూ పోయింది టీచరమ్మే, పోటీకి ఎవరూ రాకపోయినా.