ఆశీలు కట్టిన వెలుగు

1989 ఫిబ్రవరి 28, సైన్స్ డే. 1928లో కలకత్తాలో రామన్ ఎఫెక్ట్ బయటపడింది ఆ రోజునే అని చెప్పి, మన పీఎస్ సారు చాక్‌పీస్ పట్టుకున్నారు. "సంతలోకి వెళ్లే బండి ఆశీలు కట్టి పోతుంది చూశారా? వెలుగూ అంతే. అణువుకి కాస్త శక్తి చెల్లించి పోతుంది. జేబు తేలికైంది కాబట్టి రంగు ఎరుపు వైపు జరుగుతుంది."

"దీంతో ఉపయోగం ఏంటి సార్?" అన్నాను వెనక బెంచీ నుంచి.

"ప్రస్తుతానికి నీకు రెండు మార్కులు."

1973లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు గాజు పోగులో ఈ ఎఫెక్ట్‌తో వెలుగు బలం ఎంత పెరుగుతుందో కొలిచారని అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు నా తిండి దాని మీదే, ఫైబర్ లైన్ల పని.

మంచి ఫైబర్‌లో కూడా 1550 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకి 0.2 డెసిబెల్ తగ్గుతుంది. వంద కిలోమీటర్లకి మిగిలేది నూటికి ఒక వంతు. మా పొలం రేపల్లె దగ్గర, శివారు ఆయకట్టు. చివరికొచ్చేసరికి ఏం మిగులుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు.

అలా తగ్గిన సిగ్నల్‌ని లేపడానికే రామన్ యాంప్లిఫయర్. ఇందులో ఆ శివారు నుంచే పంప్ లేజర్‌ని, అంటే బలం అందించే వెలుగుని, అదే పోగులోకి ఎదురు పంపుతారు, 1450 నానోమీటర్లది. అది గాజుకి ఆశీలు కట్టగానే 1550 దగ్గరికి దిగుతుంది. సిగ్నల్ అప్పటికే అక్కడ ఉంటుంది కాబట్టి, దాని అడుగులో అడుగేసి కలిసిపోతుంది. మామూలుగా వాడే ఎర్బియం యాంప్లిఫయర్ అయితే సిగ్నల్ బాగా నీరసించి స్టేషన్‌కి చేరాక లేపుతుంది. ఇక్కడ ఆఖరి ముప్పై, నలభై కిలోమీటర్ల దారిలోనే, మరీ అడుగంటకముందే బలం అందుతుంది. అందుకే నాయిస్ తక్కువ.

పంప్ పవర్ కొన్ని వందల మిల్లీవాట్లే. కానీ అదంతా పది మైక్రాన్ల లోపు కోర్‌లోంచి పోవాలి. ఒక రాత్రి విజయవాడ వైపు లింకులో, తొందరలో కనెక్టర్ తుడవకుండా పెట్టేశాను. పంప్ ఆన్ చేసిన కాసేపటికే సిగ్నల్ పడిపోయింది. మైక్రోస్కోపులో చూస్తే, కనెక్టర్ కొసన పోగుని పట్టి ఉంచే తెల్లటి ఫెర్రూల్ నడిమధ్య నల్లచుక్క, అట్టు మాడినట్టు. తెల్లారేదాకా టెన్షన్. చివరికి అక్కడ కనెక్టరే లేకుండా స్ప్లైస్ చేశాం, అంటే పోగుల కొసలు కరిగించి అతికించేశాం.

మొన్న సంక్రాంతికి బ్రాడీపేటలో సారు ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు.

"ఇంతకీ ఆశీలు ఎంతరా?"

"నూటికి ఆరున్నర దాకా సార్. అది గాజుకే పోతుంది, కాస్త వేడెక్కుతుంది."

"మన సంతలో కంటే నయమే," అన్నారు.